యంత్రానికి పేటెంట్ ఇవ్వండి, చేతికి కాదు

చేతిలో పట్టుకుని గాలిలో ఊపితే పనిచేసే రిమోట్‌కో, వేళ్ల మధ్య ఇమిడే చిన్న కంట్రోలర్‌కో ఫలానా టెక్ కంపెనీ పేటెంట్ వేసిందని తరచూ వార్తలొస్తుంటాయి. వార్తతో పాటు ఒక గీతల బొమ్మ ఉంటుంది. అందులో ఒక చెయ్యి, చేతిలో పొడవాటి పరికరం, దాని చుట్టూ వంపు తిరిగిన బాణం గుర్తులు. కొత్త వస్తువు రాబోతోందని చాలామంది సంబరపడతారు. నాకు మాత్రం ఆ బాణం గుర్తులు చూడగానే టెన్షన్ మొదలవుతుంది. పరికరం లోపల ఉన్న చిప్ మీద, దాన్ని నడిపే లెక్క మీద కంపెనీ హక్కు అడిగితే నాకు పేచీ లేదు. ఆ బాణం గుర్తు మీద, అంటే మనిషి మణికట్టు తిరిగే తీరు మీద హక్కు అడిగితే మాత్రం ఒప్పుకోలేను.

మోషన్ సెన్సర్లకు సాఫ్ట్‌వేర్ రాయడం నా వృత్తి. ఏ కదలికను యంత్రం ఎలా గుర్తుపట్టాలి అన్నదే రోజూ ఆలోచించే విషయం కాబట్టి ఈ పేటెంట్ పత్రాలు చదవక తప్పదు. ఈ రంగంలో నిజంగా గొప్ప ఆవిష్కరణలు ఉన్నాయి. వాటికి పేటెంట్ దక్కాల్సిందే. వాటి పక్కనే, అదే ముద్రతో, మనుషులు ఎప్పటినుంచో చేస్తున్న కదలికల చుట్టూ కంచె వేసుకున్న పత్రాలు కూడా ఉన్నాయి. రెండింటినీ ఒకే గాటన కట్టడమే అసలు అన్యాయం అని నా అభిప్రాయం.

ముందు వార్తల సంగతి. పేటెంట్ దరఖాస్తు సాధారణంగా దాఖలైన 18 నెలలకు బయటికి వస్తుంది. "కంపెనీకి పేటెంట్ వచ్చింది" అని మనం చదివేవాటిలో చాలా వరకు నిజానికి అప్పటికి ఇంకా దరఖాస్తులే. మంజూరైన పేటెంట్‌లో కూడా బొమ్మలు, వివరణ ఎన్ని పేజీలున్నా, చట్టబద్ధమైన హక్కు ఉండేది చివర అంకెలేసి రాసిన క్లెయిముల్లోనే. ఆపిల్, శామ్‌సంగ్‌ల మధ్య 2012లో జరిగిన విచారణనే చూడండి. జ్యూరీ దాదాపు 105 కోట్ల డాలర్ల పరిహారం చెప్పిన ఆ కేసులో, అందరూ 'పించ్ టు జూమ్ పేటెంట్' అని పిలిచిన పత్రం ఒకటుంది. దాని క్లెయిములు అసలు చెప్పింది వేరు. తెర మీద ఒక వేలు ఆనితే స్క్రోల్ అనుకోవాలి, రెండు లేక అంతకన్నా ఎక్కువ వేళ్లు ఆనితే సైగ అనుకోవాలి, ఈ తేడాను ప్రోగ్రామ్ ఎలా పట్టుకుంటుంది అన్నది దాని సారం. తర్వాత పేటెంట్ ఆఫీసే ఆ క్లెయిములను పునఃపరిశీలించి తిరస్కరించింది. కానీ ఈ లోపల "వేళ్లతో బొమ్మ పెద్దది చేయడం ఆపిల్ సొత్తు" అన్న మాట లోకమంతా పాకిపోయింది. చిన్న కంపెనీలను భయపెట్టడానికి ఆ మాట చాలు, క్లెయిముల దాకా వెళ్లక్కర్లేదు.

ఇదివరకు ఇలా ఉండేది కాదు. గాలిలో చెయ్యి ఆడించి యంత్రాన్ని నడపడం కొత్త సంగతేమీ కాదు. రష్యన్ శాస్త్రవేత్త లియోన్ థెరెమిన్ ముట్టుకోకుండా వాయించే వాద్యం చేసి, 1928లో అమెరికాలో దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఒక యాంటెన్నా దగ్గర చెయ్యి జరిపితే శ్రుతి మారుతుంది, రెండో దాని దగ్గర జరిపితే శబ్దం హెచ్చుతగ్గులవుతుంది. ఆయన పత్రం ప్రధానంగా వివరించింది, చెయ్యి దగ్గరైనప్పుడు విద్యుత్ కెపాసిటెన్స్ (ఛార్జిని నిలుపుకునే గుణం) మారడం వల్ల ఆసిలేటర్లు, అంటే విద్యుత్ కంపనాలు పుట్టించే భాగాలు, ఎలా స్పందిస్తాయి అన్న సర్క్యూట్ గురించి.

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ కనిపెట్టిన కంప్యూటర్ మౌస్ కూడా అంతే. 1970లో మంజూరైన ఆ పేటెంట్ పేరే 'తెర కోసం ఎక్స్-వై స్థాన సూచిక'. ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు చక్రాలు బల్ల మీద దొర్లుతూ స్థానాన్ని ఎలా చెబుతాయో అందులో ఉంది. బల్ల మీద చెయ్యి జరపడం నాది అని ఎంగెల్‌బార్ట్ అనలేదు. అందుకే తర్వాత వచ్చినవాళ్లు చక్రాలు తీసేసి బంతి పెట్టారు, బంతి తీసేసి కాంతి పెట్టారు. ప్రతిసారీ యంత్రం మెరుగైంది, మన చెయ్యి మాత్రం కొత్తగా ఏదీ నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు. జపాన్ వీడియో గేమ్ కంపెనీ నింటెండోలో గున్‌పే యోకోయి రూపొందించిన ప్లస్ ఆకారపు బటన్‌కు కూడా పేటెంట్ ఉండేది. అది ఒక నిర్దిష్ట నిర్మాణానికి సంబంధించినది కాబట్టి, బొటనవేలితో నాలుగు దిక్కులూ నొక్కే పద్ధతిని పోటీ కంపెనీలు తమ తమ నిర్మాణాలతో అందించగలిగాయి.

మంచి పేటెంట్ పోటీదారుణ్ణి కొత్త దారి వెతకమని బలవంతపెడుతుంది. ఆ దారి యంత్రం లోపల ఉంటే లోకానికి లాభం, బంతి మౌస్ వస్తుంది. పేటెంట్ కదలిక మీదే ఉంటే, పోటీదారు వెతకాల్సిన కొత్త దారి వాడేవాళ్ల చేతుల్లో పడుతుంది. ఒక కంపెనీ పరికరంలో కుడికి విదిలిస్తే ముందుకు, మరో దాంట్లో గుండ్రంగా తిప్పితే ముందుకు, ఇంకో దాంట్లో రెండుసార్లు తట్టాలి. ఏ ఇంజనీరూ ఇది మెరుగని ఎంచుకోడు. లాయర్ వద్దన్నాడు కాబట్టి ఎంచుకుంటాడు.

'జరిపి తెరువు' కథ దీనికి పెద్ద ఉదాహరణ. తాళం వేసిన ఫోన్ తెర మీద ఒక బొమ్మను వేలితో జరిపి తెరవడానికి ఆపిల్ 2005 డిసెంబర్‌లో దరఖాస్తు చేసింది. స్వీడన్‌కు చెందిన నియోనోడ్ కంపెనీ ఎన్1ఎమ్ ఫోన్‌లో అంతకు ముందే తెర మీద వేలు జరిపి తాళం తీయొచ్చు. 1992లోనే మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు టచ్ తెర మీద జరిపే స్విచ్చులను వీడియోలో చూపించారు. ఇవి రెండూ కోర్టుల ముందుకు వచ్చాయి. 2012లో బ్రిటన్ కోర్టు ఆ పేటెంట్ చెల్లదంది. 2013లో జర్మనీ పేటెంట్ కోర్టు చెల్లదంది, 2015లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ మాటనే ఖాయం చేసింది. అమెరికాలో కథ వేరు. 2014లో జ్యూరీ ఇదీ ఇంకో రెండూ కలిపి మూడు పేటెంట్ల మీద శామ్‌సంగ్ దాదాపు 12 కోట్ల డాలర్లు కట్టాలంది. 2016 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు బెంచి దాన్ని కొట్టేసింది. అదే సంవత్సరం అక్టోబర్‌లో అదే కోర్టు పూర్తి ధర్మాసనం మళ్లీ నిలబెట్టింది. 2017లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. వేలు ఒక అంగుళం జరపడం గురించి ఇన్నేళ్లు, ఇన్ని దేశాల న్యాయమూర్తులు తలలు పట్టుకున్నారు. అవే సాక్ష్యాలు చూసి ఒకచోట ఇది ఎవరికైనా తట్టేదే అన్నారు, మరోచోట కాదన్నారు. చక్రాల మౌస్‌కూ బంతి మౌస్‌కూ తేడా చూసి చెప్పొచ్చు. ఒక కదలికకూ ఇంకో కదలికకూ మధ్య గీత ఎక్కడ గీయాలో చెప్పడం అంత తేలిక కాదు.

జర్మనీలోనే ఇంకొకటి జరిగింది. ఫొటోను చివరిదాకా లాగితే తిరిగి వెనక్కి ఎగిరే ప్రభావానికి సంబంధించిన ఆపిల్ పేటెంట్‌ను 2013లో అక్కడి కోర్టు రద్దు చేసింది. కారణం, 2007 జనవరిలో వేదిక మీద స్టీవ్ జాబ్స్ స్వయంగా ఆ ప్రభావాన్ని చూపించిన వీడియో. యూరప్‌లో దరఖాస్తుకు ముందే లోకానికి చూపిస్తే కొత్తదనం పోయినట్టే, సొంతవాళ్లు చూపించినా సరే. ఐఫోన్ కోసం 200కు పైగా పేటెంట్లకు దరఖాస్తు చేశామని ఆయన గర్వంగా చెప్పింది కూడా ఆ రోజే.

ఇక నేను గౌరవించే పేటెంట్ల గురించి చెప్పాలి, ఎందుకంటే పేటెంట్లంటేనే పడని మనిషినని ఎవరూ అనుకోకూడదు.

చేతిలో పట్టుకునే కంట్రోలర్ లోపల సాధారణంగా రెండు సెన్సర్లుంటాయి. ఒకటి వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్. కారు ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పడానికి వాడిన చిన్న సిలికాన్ చిప్పులు 1990ల నుంచి చవకబడుతూ ఆట పరికరాల్లోకి, ఫోన్లలోకి చేరాయి. దానికి ఒక లోపం ఉంది. భూమ్యాకర్షణా, చెయ్యి తోసిన తోపూ దానికి ఒకేలా కనిపిస్తాయి. కదలకుండా పట్టుకుంటే పరికరం ఎంత వంగి ఉందో చక్కగా చెబుతుంది, ఊపడం మొదలవగానే తికమక పడుతుంది. రెండోది జైరోస్కోప్. పరికరం ఎంత వేగంగా తిరుగుతోందో అది చెబుతుంది. ఆ వేగాన్ని క్షణక్షణం కూడుకుంటూ పోతే కోణం తెలుస్తుంది కానీ, ప్రతి కొలతలోని చిన్న తప్పు కూడా దాంతోపాటే పోగవుతుంది. కొంతసేపటికి బల్ల మీద కదలకుండా పడున్న రిమోట్ మెల్లగా తిరుగుతోందని నమ్ముతుంది. కాబట్టి త్వరిత కదలికలకు జైరోస్కోప్ మాట వినాలి, నిలకడగా ఉన్నప్పుడు యాక్సిలరోమీటర్‌తో దాన్ని సరిదిద్దాలి. ఎప్పుడు ఎవరి మాట ఎంత వినాలన్నదే ఈ వృత్తిలోని కష్టమంతా. 2006లో వచ్చిన నింటెండో గేమ్ కన్సోల్ 'వీ' రిమోట్‌లో మొదట యాక్సిలరోమీటరూ, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉండేవి. జైరోస్కోప్ 2009లో గానీ, అదీ విడిగా తగిలించుకునే ముక్కగా, రాలేదు.

దీని మీద చేతి వణుకు ఒకటి. ఆరోగ్యంగా ఉన్న చెయ్యి కూడా సెకనుకు సుమారు 8 నుంచి 12 సార్లు కంటికి కనపడనంతగా వణుకుతుంది. పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్లలో విశ్రాంతిగా ఉన్నప్పుడు వచ్చే వణుకు సెకనుకు 4 నుంచి 6 సార్లు, అదీ పెద్దగా. కావాలని చేసే కదలిక సాధారణంగా దీనికన్నా నెమ్మదిగా ఉంటుంది కాబట్టి, వేగమైనదాన్ని వడపోస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఆ వడపోత ఎంత గట్టిగా ఉంటే తెర మీద బాణం అంత ఆలస్యంగా కదులుతుంది. చెయ్యి ఆగాక కూడా బాణం జారుతుంటే, మనిషి దాన్ని సరిదిద్దబోయి ఇంకా తప్పుతాడు. మా నాన్నగారికి పార్కిన్సన్స్ ఉంది. బటన్లు నొక్కలేక, గురిపెట్టే రిమోట్‌ను నిలకడగా పట్టుకోలేక ఆయన పడే అవస్థ రోజూ చూస్తాను కాబట్టి, ఈ లెక్కలోని ప్రతి చిన్న మెరుగూ నాకు చాలా విలువైనది.

అమెరికాలోని హిల్‌క్రెస్ట్ ల్యాబ్స్ అనే కంపెనీ ఉంగరంలా గుండ్రంగా ఉండే 'లూప్' అనే రిమోట్ చేసింది. కావాలని చేయని కదలికను గాలిలో గురిపెట్టే పరికరం నుంచి ఎలా తీసేయాలి, రిమోట్‌ను ఎటు వంచి పట్టుకున్నా బాణం సరైన దిక్కుకే ఎలా పోవాలి అన్న విషయాల మీద ఆ కంపెనీ పేటెంట్లు తీసుకుంది. ఆ పత్రాల్లో పద్ధతి ఉంటుంది, చదివితే ఏదో ఒకటి తెలుస్తుంది. నేర్పినందుకు 20 ఏళ్ల హక్కు అనే పేటెంట్ ఒప్పందం నిజంగా జరిగిందనిపిస్తుంది. వాళ్లు 2008లో నింటెండో మీద అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఫిర్యాదు చేసి 2009లో రాజీ కుదుర్చుకున్నారు. నాకు అందులో తప్పు కనపడలేదు. చేతి వణుకును బట్టి వాడుతున్నదెవరో గుర్తుపట్టే పద్ధతికి కూడా వాళ్లకే ఒక పేటెంట్ ఉంది. రోగ లక్షణం చిరునామాగా మారడం నాకు ఆందోళన కలిగించే విషయం. అది వేరే వ్యాసానికి తగ్గ సంగతి. అయినా అదీ ఒక పద్ధతే, మణికట్టు తిప్పడం మీద హక్కు కాదు.

ఎదురు ఉదాహరణ ఐలైఫ్ టెక్నాలజీస్ కేసు. వాళ్ల పేటెంట్ మూలాలు వృద్ధులు కిందపడితే గుర్తుపట్టే పరికరాల్లో ఉన్నాయి. దాని క్లెయిము, శరీర కదలికను సెన్సర్‌తో కొలిచి, ప్రాసెసర్‌తో చూసి, సంకేతం పంపడం అన్నంత వెడల్పుగా రాశారు. ఆ వెడల్పు చూసుకుని 2013లో నింటెండో మీద దావా వేశారు. ఒక్కో 'వీ' కన్సోల్‌కు 4 డాలర్ల చొప్పున 14.4 కోట్ల డాలర్లు అడిగారు. 2017లో జ్యూరీ 1.01 కోట్ల డాలర్లు ఇమ్మంది. 2020లో జడ్జి ఇది కేవలం సమాచారం సేకరించి పంపే నైరూప్య ఆలోచన, పేటెంట్‌కు తగదని రద్దు చేశారు. 2021లో అప్పీలు కోర్టు అదే అంది. చివరికి న్యాయం జరిగింది కదా అనొచ్చు. అలాంటి క్లెయిమును తప్పించుకోవడానికి ఏళ్ల తరబడి లాయర్లను పెట్టుకోగలిగిన కంపెనీ కాబట్టి జరిగింది.

పెట్టుకోలేని కంపెనీలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. నేను ఒకప్పుడు పనిచేసిన చిన్న సంస్థ చెయ్యి స్వాధీనం తప్పినవాళ్ల కోసం ఒక కంట్రోలర్ చేస్తుండేది. దాన్ని బోర్లా తిప్పితే శబ్దం ఆగిపోయేలా పెట్టాం. పరీక్షలో వాడినవాళ్లకు అదే అన్నిటికన్నా నచ్చింది, ఎందుకంటే అందులో గురిపెట్టాల్సిందీ లేదు, బలం పెట్టాల్సిందీ లేదు. ఇంతలో సలహా ఇచ్చే లాయర్ ఒక పెద్ద కంపెనీ పేటెంట్ చూపించి, గెలుస్తామేమో గానీ కోర్టుకెళ్లే స్తోమత మనకు లేదన్నారు. దాని బదులు బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకునే పద్ధతి పెట్టాం. వణికే వేలు మూడు సెకన్లు బటన్ మీద నిలవదు. ఆ వస్తువు మార్కెట్‌లోకి వెళ్లింది కానీ ఎవరి కోసం చేశామో వాళ్లకు సగమే ఉపయోగపడింది. దావా పడలేదు, కోర్టు తీర్పు లేదు, కాబట్టి ఈ నష్టం ఏ లెక్కలోకీ రాదు. ఇలా మౌనంగా వదిలేసుకున్నవి ఎన్నో ఉంటాయని నా నమ్మకం.

పెద్ద కంపెనీలు కూడా వాడేవాళ్ల మీదికే భారం తోస్తాయి. కంట్రోలర్ వణికి స్పర్శ కలిగించే సాంకేతికత మీద ఇమ్మర్షన్ కంపెనీ 2002లో సోనీ, మైక్రోసాఫ్ట్‌ల మీద దావా వేసింది. మైక్రోసాఫ్ట్ 2003లో రాజీపడింది. సోనీ పోరాడి 2004లో జ్యూరీ ముందు ఓడింది. 2006లో ప్లేస్టేషన్ 3తో వచ్చిన సిక్సాక్సిస్ కంట్రోలర్‌లో వంచి ఆడే సెన్సర్లు ఉన్నాయి, వైబ్రేషన్ లేదు. రెండూ కలిస్తే ఒకదానికొకటి అడ్డమని సోనీ అప్పుడు చెప్పింది. 2007 మార్చిలో రాజీ కుదిరింది. ఆ సంవత్సరమే రెండూ ఉన్న డ్యూయల్‌షాక్ 3 వచ్చేసింది. సెన్సర్లతో పనిచేసేవాడిగా నా అభిప్రాయం చెబుతాను. మోటార్ వణుకు ఒక తెలిసిన వేగంలో ఉంటుంది, దాన్ని వడపోయడం ఇంజనీర్లు చేయలేని పనేమీ కాదు.

పేటెంట్ లేకపోతే చిన్నవాళ్లను పెద్దవాళ్లు మింగేస్తారు కదా అని అడుగుతారు. ఇది బలమైన ప్రశ్న, దాటవేయలేం. డెలావేర్ విశ్వవిద్యాలయంలో వేన్ వెస్టర్‌మన్, జాన్ ఎలియాస్ కలిసి ఫింగర్‌వర్క్స్ అనే కంపెనీ పెట్టారు. వెస్టర్‌మన్‌కు చేతుల నొప్పి వల్ల మామూలు కీబోర్డు వాడటం కష్టమయ్యేది. దాన్నుంచే అనేక వేళ్ల స్పర్శను విడివిడిగా గుర్తించే ప్యాడ్‌లు, కీబోర్డులు పుట్టాయి. 2005లో ఆపిల్ ఆ కంపెనీని కొనుక్కుంది. చేతిలో పేటెంట్లు ఉండబట్టే వాళ్ల శ్రమకు విలువ కట్టారని నేనూ ఒప్పుకుంటాను. ఆ వెంటనే ఫింగర్‌వర్క్స్ వస్తువుల తయారీ మాత్రం ఆగిపోయింది. నొప్పితో బాధపడుతూ వాటి మీదే ఆధారపడ్డవాళ్లు పాత ముక్కలు వెతుక్కోవాల్సి వచ్చింది. ముంజేతికి తొడుక్కుని కండరాల సంకేతాలతో నడిపే మయో పట్టీది కూడా దాదాపు ఇదే కథ. 2018లో అమ్మకం ఆగింది. 2019లో దాని పేటెంట్లు సీటీఆర్‌ఎల్-ల్యాబ్స్ అనే మరో సంస్థ చేతికి, కొన్ని నెలలకే ఆ సంస్థ ఫేస్‌బుక్ చేతికి వెళ్లాయి. అంటే చిన్నవాళ్ల పేటెంట్ చాలాసార్లు పెద్దవాళ్ల కోటలో ఇంకో రాయి అవుతుంది. అయినా నేను అడిగేది ఫింగర్‌వర్క్స్ హక్కు తీసేయమని కాదు. వేళ్లను విడదీసి చదివే లెక్క వాళ్లది. వేళ్లు దగ్గరికి, దూరానికి జరపడం ఎవరిదీ కాదు.

ఈ గీత ఇప్పుడే గీయాలి, ఎందుకంటే ఇప్పుడు పరికరాలు చేతిని దాటి మణికట్టు మీదికి, కళ్లద్దాల్లోకి పోతున్నాయి. బొటనవేలు, చూపుడువేలు కలిపి తట్టడం ఇప్పటికే వాచీలను, హెడ్‌సెట్‌లను నడుపుతోంది. తెర మీద బొమ్మ ఉంటే కనీసం చూసి నేర్చుకోవచ్చు. గాలిలో సైగకు గుర్తులేమీ ఉండవు, గుర్తుపెట్టుకోవాల్సిందే. పెద్ద వయసువాళ్లు, చూపు లేనివాళ్లు, చేతులు సరిగా ఆడనివాళ్లు కంపెనీకో భాష నేర్చుకోలేరు. ఆపడం, వెనక్కి వెళ్లడం, ఎంచుకోవడం, శబ్దం తగ్గించడం లాంటి పది పన్నెండు ప్రాథమిక సైగలనైనా అన్ని కంపెనీలూ ఉమ్మడి ప్రమాణంగా ఒప్పుకుని, వాటి మీద దావాలు వేయమని రాసివ్వాలి. ఇది జరగని పనేం కాదు. 2012లో ట్విట్టర్ తన ఇంజనీర్ల పేటెంట్లను ఆత్మరక్షణకే తప్ప వాళ్ల అనుమతి లేకుండా దాడికి వాడనని ఒప్పందం తెచ్చింది. 2018లో మైక్రోసాఫ్ట్ సుమారు 60,000 పేటెంట్లతో ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో, అంటే లినక్స్ విషయంలో ఒకరి మీద ఒకరు పేటెంట్ దావాలు వేయబోమని ఒప్పుకున్న కంపెనీల కూటమిలో, చేరింది.

కంపెనీలు కదిలేదాకా మనం చేయగలిగింది కూడా ఒకటుంది. అమెరికా పేటెంట్ ఆఫీసు 2012 నుంచి, పెండింగ్‌లో ఉన్న దరఖాస్తుల మీద బయటివాళ్లు పాత ఆధారాలు పంపే వీలు కల్పించింది. మంజూరు నోటీసు రాకముందే పంపాలి, సాధారణంగా ప్రచురణైన 6 నెలల లోపు పంపడం క్షేమం. మొదటిసారి మూడు పత్రాల వరకు పంపితే ఫీజు లేదు. పాత రిమోట్ మాన్యువల్, ఆట పరికరం మీద వచ్చిన పత్రికా సమీక్ష, సదస్సులో చదివిన పరిశోధన పత్రం, ఏదైనా సరే, తేదీ స్పష్టంగా ఉండాలి. అది ఏ క్లెయిముకు ఎలా వర్తిస్తుందో క్లుప్తంగా రాయాలి. పరీక్షకులు సాధారణంగా పాత పేటెంట్లలో వెతుకుతారు గానీ, అటక మీద పడున్న 1990ల నాటి వస్తువుల మాన్యువల్‌లు వాళ్ల కంటపడవు. అలాంటివి మీ దగ్గర ఉంటే పారేయకండి. తేదీ ఉన్న పేజీతో సహా స్కాన్ చేసి పెట్టండి.